పల్ప్ ఫ్యాక్టరీలో ఒక్క పాస్‌వర్డు

ఆ ఫ్యాక్టరీలో నన్ను అందరికంటే ముందు అనుమానించినవాడు స్టోరు బాబాయి. నేను గదిలోకి అడుగు పెట్టగానే భుజం మీది తువ్వాలు తీసి కీబోర్డు మీద కప్పేశాడు. నమస్కారం పెట్టాను. తువ్వాలు తియ్యలేదు.

"ఎవరి తరఫున వచ్చావమ్మాయ్? పెద్దాయన తరఫునా, చిన్నాయన తరఫునా?"

"కంప్యూటరు పని మీద వచ్చానండీ."

"పని ఎవరో ఒకరిది అయ్యుంటది కదా," అన్నాడు.

ఎనభైల చివరి రోజులవి. మాది చింతలపూడి. డిగ్రీ అయ్యాక విజయవాడలో కంప్యూటరు నేర్చుకుని, నేర్పిన చోటే చిన్న ఉద్యోగంలో చేరాను. నూజివీడు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో సీజను అయ్యేదాకా ఉండి ఒక పని చేసిపెట్టాలని నన్ను పంపారు. ఊళ్ళో మా పిన్ని ఇల్లు ఉండబట్టి మా నాన్న ఒప్పుకున్నాడు. పిన్ని మాత్రం మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, "మామిడికాయల బేరగాళ్ళమ్మా వాళ్ళు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. పక్కనున్నవాడికి కూడా తెలియనివ్వరు. ఎక్కడా సంతకాలు పెట్టకు," అని చెప్పింది.

ఫ్యాక్టరీ ఊరి బయట, తోటల మధ్య ఉండేది. కలెక్టరు కాయ, రసాలు వచ్చేవి. ఓ పక్క షెడ్లలో గడ్డి మీద మాగేసేవాళ్ళు, ఇంకో పక్క కోత హాల్లో ఆడవాళ్ళు వరసగా నిలబడి తొక్క, టెంక తీసేవాళ్ళు, గుజ్జు డబ్బాల్లోకి వెళ్ళేది. యజమానులు ఇద్దరు. పెద్దాయనకి ఊళ్ళో మామిడి కమీషను కొట్టు ఉంది. చిన్నాయన ఆయన భార్యకి తమ్ముడు. ఆయన ఫ్యాక్టరీలోనే ఉండి అంతా చూసుకునేవాడు. పైకి బావా బావమరుదులు ఒక కంచంలో తిన్నట్టే ఉండేవాళ్ళు.

కంప్యూటరు ఒక్కటే. దాన్ని అద్దాల గదిలో, ఏసీలో పెట్టారు. దాన్నుంచి వైర్లు లాగి గేటు కాటా దగ్గర ఒకటి, స్టోర్లో ఒకటి, కాయ గ్రేడింగు చూసేచోట ఒకటి, అకౌంట్సులో ఒకటి తెరలు పెట్టారు. ప్రోగ్రాములు మాత్రం ఒక్కొక్కటి ఒక్కొక్కరు రాసినవి. ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో పాస్‌వర్డు. సరుకు చూడాలంటే ఒకటి, హాజరు చూడాలంటే ఇంకొకటి. మర్చిపోతే ఆ రోజు పని ఆగిపోయినట్టే. అందుకని కొందరు కాలెండరు మీద పెన్సిలుతో రాసుకునేవాళ్ళు. స్టోరు బాబాయి మాత్రం ఎక్కడా రాసేవాడు కాదు, ఎవరికీ చెప్పేవాడు కాదు. అంతకుముందు ఏడాది ఆయన కూతురి కాన్పుకని ఊరెళితే స్టోరు తెర తెరిచే దిక్కు లేక, ఖాళీ డబ్బాలు ఎన్ని ఉన్నాయో చేత్తో లెక్కపెట్టుకున్నారట. ఆయన ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాడు.

నా పని ఈ తాళాలన్నీ తీసేసి ఒక్కటే పెట్టడం. పొద్దున వచ్చి ఎవరి పేరుతో వాళ్ళు, ఎవరి పాస్‌వర్డుతో వాళ్ళు ఒక్కసారి లోపలికి వస్తే చాలు, ఆ మనిషి చూడాల్సిన ప్రోగ్రాములన్నీ వరసగా తెర మీదికి రావాలి, చూడకూడనివి కనపడకూడదు. ఇప్పుడు దీన్ని సింగిల్ సైన్-ఆన్ అంటున్నారు, ఆఫీసుల్లో చిన్నపిల్లలు కూడా ఆ మాట వాడుతున్నారు. అప్పుడు దానికి పేరే లేదు. చిన్నాయన 'ఒక్క పాస్‌వర్డు' అనేవాడు. అందరూ అదే అన్నారు.

పని మొదలుపెట్టిన వారంలోనే పెద్దాయన కొట్టుకి రమ్మని కబురు పెట్టాడు. వెళితే గుమాస్తాని టీ తెమ్మని బయటికి పంపి, గొంతు తగ్గించాడు.

"చూడమ్మాయ్, నాకు ఆ పెట్టె ముందు కూర్చునే ఓపిక లేదు. కళ్ళు పోతాయంటారు. కానీ నా పేరు కొట్టిన రోజున అన్నీ కనపడాలి. నేను చూసినట్టు మా బావమరిదికి తెలియకూడదు. ఆ ఏర్పాటు చెయ్యి."

చూసేవాళ్ళ పేర్లు నిర్ణయించేది నేను కాదని, ఇద్దరూ కలిసి ఎలా చెబితే అలా పెడతానని అన్నాను. ఆయన నవ్వాడు. టీ వచ్చింది. ఆ తర్వాత ఆయన వానల గురించి మాట్లాడాడు.

మర్నాడు చిన్నాయన అద్దాల గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"మా బావగారి పేరు ఎందుకమ్మా అందులో? ఆయన కొట్టు చూసుకుంటారు. ఈ గొడవలన్నీ ఆయనకెందుకు? నిన్నేమైనా అడిగారా?"

"అడిగారండీ. ఇద్దరూ కూర్చుని ఒక మాట అనుకుని చెప్పండి. అప్పటిదాకా ఇద్దరి పేర్లూ పెట్టను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను పెద్దాయనకి అమ్ముడుపోయానని ఆయన అనుకున్నట్టు, చిన్నాయనకి అమ్ముడుపోయానని పెద్దాయన అనుకున్నట్టు ఆ సాయంత్రానికే స్టోరు బాబాయి నాకు చెప్పాడు. ఆయనకెలా తెలుసో తెలియదు. ఎవరు ఏది చెప్పినా, నాకిది ఎందుకు చెబుతున్నారా అని ఆలోచించే అలవాటు నాకూ అంటుకుంది. పిన్ని ఇంట్లో మంచం మీద పడుకుని కూడా ఎవరి మాట వెనక ఏముందో తవ్వుకుంటూ ఉండేదాన్ని.

ఆ ఫ్యాక్టరీలో నాతో మామూలుగా మాట్లాడింది ఒక్క గ్రేడింగు అక్క. తోట పనులకెళ్ళే కుటుంబం నుంచి వచ్చింది. పదో తరగతి దాకా చదివి ఆపేసిందట. కోత హాల్లో కత్తిపీట దగ్గర నాలుగైదు సీజన్లు చేశాక, కాయ చూసే తీరు బాగుందని చిన్నాయనే తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ప్రతి ట్రాక్టరు నుంచీ నాలుగు కాయలు కోసి చూసి, ఫస్టో సెకండో వద్దో తెర మీద కొట్టాలి. ఆమె 'వద్దు' అని కొడితే గేటు దగ్గర తెర మీద కనపడుతుంది, గేటతను ట్రాక్టరుని వెనక్కి పంపేస్తాడు. అంతవరకే ఆమె అధికారం. కానీ కోత హాలు నుంచి వచ్చిన మనిషికి అంత అధికారం ఉండటం చాలామందికి నచ్చేది కాదు. స్టోరు బాబాయి ఆమెతో కలిసి మధ్యాహ్నం అన్నం తినేవాడు, ఆమె పచ్చళ్ళు మెచ్చుకునేవాడు, ఆమె అటు వెళ్ళగానే "కుర్చీ ఎక్కించారు, దిగుద్దా మరి," అనేవాడు.

మొత్తానికి యజమానుల పేర్లు లేకుండానే ఒక్క పాస్‌వర్డు పనిచెయ్యడం మొదలైంది. పొద్దున్నే తలా ఒకసారి కొట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళు, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు బయటికొచ్చేవాళ్ళు. అక్కకి మహా సంతోషం. ఇంతకుముందు ప్రతి ట్రాక్టరుకీ సొన అంటిన వేళ్ళతో మళ్ళీ మళ్ళీ పాస్‌వర్డు కొట్టాల్సి వచ్చేది. ఒక సాయంత్రం ఆమె, "అమ్మాయి గారూ, తొందరలో 'వద్దు' మీద వేలు పడిపోద్దేమోనని భయమండీ. రైతు ఉసురు తగులుద్ది," అంది. నేను అప్పటికప్పుడు కూర్చుని, 'వద్దు' కొడితే 'నిజంగానేనా?' అని తెర రెండోసారి అడిగేలా మార్చాను. ఆమె అప్పటికే బస్సు కోసం వెళ్ళిపోయింది. పొద్దున చెబుదామనుకున్నాను.

ఆ పొద్దున చెప్పే వీలు చిక్కలేదు. ఆమె వచ్చి, పాస్‌వర్డు కొట్టి, ఒకటో రెండో ట్రాక్టర్లు చూసి రెండింటికీ ఫస్టు వేసింది. ఇంతలో కోత హాల్లో ఎవరికో చెయ్యి తెగిందని కేక వినపడితే పరుగెత్తింది. రక్తం ఆగక ఆ మనిషిని రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు, అక్క కూడా వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే గేటు దగ్గర ఒక మనిషి గొంతు చించుకుంటున్నాడు.

జి. కొండూరు వైపు తోట కౌలుకి చేసే రైతు అతను. పొద్దున తన ట్రాక్టరు వస్తే కాయ కూడా కొయ్యకుండా 'వద్దు' అన్నారని, మాగిన కాయని ఎండలో వెనక్కి తిప్పి పంపారని అరిచాడు. చిన్నాయన తెర చూశాడు. 'వద్దు' అనే ఉంది. పక్కన అక్క పేరు ఉంది.

"నేను ఆ కాయ చూడనే లేదు బాబుగారూ, నేను ఆసుపత్రిలో ఉన్నాను," అంది అక్క.

"వెళ్ళేముందు కొట్టావేమో," అన్నాడు చిన్నాయన.

"చూడకుండా ఎట్టా కొడతానండీ?"

స్టోరు బాబాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మిషను అబద్ధం ఆడదు కదమ్మా," అన్నాడు. అది సానుభూతిగా అన్నాడో, లోపల సంతోషంగా అన్నాడో ఆయన మొహం చూస్తే తెలియలేదు.

అక్క నా వైపు చూసింది. "మీరు చెప్పండి అమ్మాయి గారూ. మీరే కదా చేసింది."

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. నా ప్రోగ్రాములో తప్పేమో చూసుకోవాలి కదా. ఆ నిమిషం మౌనం ఆమెకి ఎలా వినపడిందో ఊహించగలను. చిన్నాయన మర్నాటి నుంచి ఆమెని మళ్ళీ కోత హాల్లోకి వెళ్ళమన్నాడు. ఎవరో పోటీ ఫ్యాక్టరీ వాళ్ళు ఆమె చేత చేయించి ఉంటారని ఆయన నమ్మకం. ఆమె ఏడవలేదు. డబ్బాలో అన్నం తీసి, తినకుండా మళ్ళీ మూత పెట్టేసింది. బాబాయి పిలిచినా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళలేదు.

సాయంత్రం వరకూ ప్రోగ్రాము అంతా తిరగేశాను. అది సరిగానే ఉంది. కాబట్టి ఎవరో ఒకరు నిజంగా ఆ కుర్చీలో కూర్చుని కొట్టారు. అప్పుడు తట్టింది నాకు. ఇంతకుముందైతే ప్రతిసారీ పాస్‌వర్డు అడిగేది కాబట్టి ఆమె లేనప్పుడు ఇంకొకరి వల్ల అయ్యేది కాదు. ఇప్పుడు పొద్దున తెరిచిన తలుపు సాయంత్రం దాకా తెరిచే ఉంటోంది. ఎవరు వచ్చి కూర్చున్నా ఆమె అయిపోతారు.

ఎవరు? స్టోరు బాబాయి గది పక్కనే. కుర్చీ సంగతి ఆయన మనసులో ఉంది. ఆయనే అనుకున్నాను. కాసేపటికి, ఆసుపత్రికి వెళ్ళేముందు అక్కే కొట్టిందేమో అని కూడా అనుకున్నాను. చిన్నాయన తనే కొట్టి ఆమె మీద పెట్టాడేమో అని కూడా. పిన్ని అన్నం వడ్డిస్తూ, "ఏంటే, అట్టా చూస్తున్నావ్ నన్ను?" అంది. ఆ రోజు నేను ఎవరిని చూసినా అలాగే చూస్తున్నాను కాబోలు.

మర్నాడు పొద్దున పెద్దాయన కొట్టుకి వెళ్ళాను. ముందు రోజు పొద్దున ఆయన కొత్త డబ్బాల లారీతో పాటు ఫ్యాక్టరీకి వచ్చి, మజ్జిగ తాగి, కాసేపు ఫ్యాను కింద కూర్చుని వెళ్ళాడని గేటతను ఏదో మాటల్లో అన్నాడు. అక్క సంగతి ఆయనతో చెబితే బావమరిదికి నచ్చచెబుతాడేమోనని ఆశ. జరిగింది చెప్పాను. ఆయన తాపీగా విన్నాడు.

"పొరపాటున పడి ఉంటదిలే ఆ పిల్ల వేలు," అన్నాడు.

"పొరపాటున ఒక్కసారి వేలు పడితే 'వద్దు' పడదండీ ఇప్పుడు."

"అవున్లే, రెండుసార్లు అడుగుద్దిగా, నిజంగానేనా అని."

నేను చేతిలో టీ గ్లాసు కింద పెట్టాను. రెండుసార్లు అడిగేలా నేను మార్చింది ఆ ట్రాక్టరు రావడానికి ముందు సాయంత్రమే. నేను ఎవరికీ చెప్పలేదు. అక్కకే చెప్పలేదు.

"అది మీకెలా తెలుసండీ?"

ఆయన నా మొహంలోకి చూశాడు. దొరికిపోయిన మనిషిలా లేడు. బేరంలో అవతలివాడు మంచి ధర చెప్పినప్పుడు చూసినట్టు చూశాడు.

"నేనే కొట్టాను. చూద్దామని."

"ఏం చూద్దామనండీ?"

"నీ ఒక్క పాస్‌వర్డు ఎంత గట్టిదో చూద్దామని. మా బావమరిది లక్షలు పోసి పెట్టెలు కొన్నాడు, దాని మీద నమ్మకం అంటాడు. నేను ఆ పిల్ల కుర్చీలో ఫ్యాను కింద కూర్చుని రెండు మీటలు నొక్కితే పోయిందిగా నమ్మకం!"

"ఆవిడ కుర్చీ పోయిందండీ," అన్నాను. "మీరు వచ్చి చెప్పండి. లేకపోతే నేను చిన్నాయన గారికి చెబుతాను."

"చెప్పు. నువ్వు నా మనిషివని వాడు అనుకుంటున్నాడు. నమ్ముతాడా?"

నేను లేచి నిలబడ్డాను. ఆయన కాసేపు పొట్లాల దారం వేలికి చుట్టుకుంటూ కూర్చుని, "సరే, రేపొస్తాలే. ఆ పిల్ల నోరు కొట్టడం నా ఉద్దేశం కాదు," అన్నాడు.

బయటికొస్తే కొట్టు అరుగు మీద జి. కొండూరు రైతు సోడా తాగుతూ కనపడ్డాడు. నేను ఫ్యాక్టరీ మనిషినని గుర్తుపట్టి మొహం తిప్పుకోబోయాడు. మీ కాయ ఏమైందని అడిగాను.

"ఏమవుద్దమ్మా? మాగిన కాయ ఆగుద్దా? దారిలో ఈ కొట్టే కదా, ఇక్కడే దింపేశాను. ఆయనిచ్చిందే పుచ్చుకున్నాను," అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. లోపల గోడ వారన గడ్డి మీద కలెక్టరు కాయ గుట్టగా పోసి ఉంది, మంచి రంగు తిరిగి. పెద్దాయన అప్పటికే గుమాస్తాతో ఇంకేదో మాట్లాడుతున్నాడు. చూద్దామని కొట్టాడా, కాయ కోసం కొట్టాడా? లేక కుర్చీలో కూర్చున్నాక ఒకదాని కోసం మొదలుపెట్టి రెండోదీ కలిసొచ్చిందా? అడగటానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పటికీ నాకు తెలియదు.

మాట ప్రకారం ఆయన వచ్చాడు. అందరినీ పిలిపించి, దిగులు మొహం పెట్టి, "మిషను తప్పంట్రా. ఈ అమ్మాయే నాతో చెప్పింది. ఆ పిల్లది ఏం తప్పు లేదు, కుర్చీలో కూర్చోనివ్వు," అన్నాడు బావమరిదితో.

నేను చెప్పింది అది కాదు. అందరూ నన్ను చూస్తున్నారు. చిన్నాయన కళ్ళలో, చూశావా, వీళ్ళిద్దరూ ఒకటి, అన్నట్టుంది. ఆ మాటకి తలూపితే అక్కకి కుర్చీ వస్తుంది, నా పని మట్టి కొట్టుకుపోతుంది. తలూపకుండా పేరు చెబితే, ఆ కుటుంబంలో చిచ్చు పెట్టిన మనిషి మాటకి విలువుంటుందా? నేను ఒక్కటే అన్నాను.

"మిషను తప్పు కాదండీ. ఆవిడ లేచి వెళ్ళారు, తెర తెరిచే ఉంది. ఎవరో కూర్చున్నారు. కూర్చున్నది ఎవరో మిషనుకి తెలియదు. ఆవిడ కాదని మాత్రం నేను గట్టిగా చెప్పగలను. ఇక నుంచి కాసేపు ఎవరూ మీటలు నొక్కకపోతే తెర దానంతటదే మూసుకుపోయేలా చేస్తాను."

పెద్దాయన నా వంక చూసి మీసం దువ్వుకున్నాడు. చిన్నాయన చూపు మెల్లగా నా మీద నుంచి బావగారి మీదకి వెళ్ళి, అక్కడే కాసేపు ఉండిపోయింది. ఆ క్షణంలో ఆయనకి అర్థమైందేమోనని నాకు అనిపించింది. "నువ్వు వెళ్ళి నీ సీట్లో కూర్చోమ్మా," అన్నాడు అక్కతో.

ఆ మార్పుతో అందరికీ చిరాకు పెరిగింది. టీకి లేచి వస్తే మళ్ళీ పాస్‌వర్డు, ఫోను కోసం వెళ్ళొస్తే మళ్ళీ పాస్‌వర్డు. "ఒక్కటే అన్నావు, పది చేశావు," అని అకౌంట్సు వాళ్ళు దెప్పారు.

అక్క ఆ మధ్యాహ్నం అద్దాల గది బయట నా కోసం నిలబడింది.

"నిజం చెప్పండి. ఎవరు?"

చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు, అది ఆమె ఇష్టం. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. "బాబాయి కాదుగా?" అంది ముందు. కాదన్నాను. గోడకి ఆనుకుని, ఊపిరి వదిలింది.

"ఆయనేనేమో అని అన్నం ముద్ద దిగలేదమ్మా నాకు. పెద్దాయన అంటే పెద్దాయన, మనకేంటి? రోజూ ఎదురుగా కూర్చుని తినే మనిషి అయితేనే కష్టం."

మర్నాడు బాబాయి కోసమని గోంగూర తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. నిన్నటిదాకా మొహం చాటేసిన మనిషి ఇవాళ కూర ఎందుకు తెచ్చిందో బాబాయికి అంతుపట్టలేదు. గిన్నె మూత తీసి వాసన చూసి, "ఏంటి విశేషం? ముందు నువ్వు తిను," అన్నాడు. ఆమె పకపకా నవ్వి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అప్పుడు ఆయనా తిన్నాడు.

కాయ అయిపోయి, తొలకరి పడేసరికి నేను విజయవాడ వచ్చేశాను. తర్వాతి వేసవికి బావా బావమరుదులు విడిపోయారని పిన్ని చెప్పింది. ఫ్యాక్టరీ పెద్దాయనకి వచ్చింది. చిన్నాయన ఉంగుటూరు వైపు ఇంకో చోట పెట్టుకున్నాడు. ఎందుకు విడిపోయారని అడిగితే, "అన్నదమ్ములే కలిసుండటంలా, వీళ్ళెంత," అని ఊరుకుంది. అక్క చిన్నాయనతో పాటు వెళ్ళింది.

కొన్నేళ్ళకి బస్సులో కనపడింది నాకు. ఆమే నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోమని చెంగుతో సీటు తుడిచింది. అక్కడ కూడా కంప్యూటరు ఉందని, తన కింద ఒక కొత్త పిల్ల చేరిందని చెప్పింది.

"ఆ పిల్ల అడిగిందమ్మా, అక్కా, నువ్వు లేనప్పుడు ట్రాక్టర్లు ఆగిపోతున్నాయి, నీ పాస్‌వర్డు చెప్పు అని."

"చెప్పలేదు కదా?"

"చెప్పాను. ఎండలో కాయ పెట్టుకుని రైతులు నిలబడతారు, చెప్పకపోతే ఎట్టా? ఒక్క మనిషినన్నా నమ్మకపోతే పని ఎట్టా జరుగుద్ది?" అంది. బస్సు మలుపు తిరుగుతుంటే ముందు సీటు కమ్మీ పట్టుకుని, నా చెవి దగ్గరికి వంగింది. "మర్నాడు పొద్దున్నే మార్చేశాననుకో."